కోరస్ ఎలా నిలబడాలి? యూరిపిడిస్ ‘బాకై’కి కదలికలు కూర్చిన పని మీద కేస్ స్టడీ

ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ రాసిన ‘బాకై’ నాటకాన్ని తెలుగులో, ఆరుబయట వేయాలనుకున్న ఒక చిన్న నాటక బృందం, కోరస్‌కు, అంటే నాటకంలో గుంపుగా పాడుతూ ఆడే బృందానికి, కదలికలు కూర్చే పని నాకు అప్పగించింది. నేను నేర్చింది కూచిపూడి. గ్రీకు నాటకాలతో నాకున్న పరిచయమల్లా చదువుకున్నంత మేరకే. ఏ ఆధారాలు పట్టుకున్నాం, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, జనం ముందు అది ఎంతవరకు పండింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పని నెత్తికెత్తుకునే నాట్యగురువులకూ దర్శకులకూ పనికొస్తుందని కొన్నిచోట్ల కాస్త సాగదీశాను కూడా.

ప్రాచీన గ్రీకు నాట్యాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. అడుగులు రాసిపెట్టిన గ్రంథం ఏదీ మనదాకా రాలేదు. మిగిలినవి పాటల మాటలు, వాటి ఛందస్సు, కుండల మీది బొమ్మలు, శిల్పాలు, తత్వవేత్తలూ చరిత్రకారులూ సందర్భం వచ్చినప్పుడు అన్న మాటలు. వీటితో అడవులు (నాట్యంలో అడుగుల కూర్పులు) కట్టలేం. ఆ జనం దేన్ని చూసి ఆహా అన్నారో, దేన్ని చూసి మొహం తిప్పుకున్నారో మాత్రం బాగానే పోల్చుకోవచ్చు. నేను వెతికింది దాన్నే.

దర్శకుడు అడిగినది

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డయోనిసస్ దేవుడు (బాకస్ అన్నా ఇతనే) తాను పుట్టిన థీబ్స్ నగరానికి వస్తాడు. ఆ ఊళ్ళో తనను దేవుడిగా ఒప్పుకోలేదని ఆడవాళ్ళందరికీ మతి తప్పించి కిథైరాన్ కొండకు తోలేస్తాడు. పడుచు రాజు పెంథియస్ అతన్ని అణచివేయాలని చూసి, చివరకు తానే ఆడవేషం కట్టి కొండ మీది తతంగం దొంగచాటుగా చూడబోతాడు. కన్నతల్లి అగేవ్ అతన్ని సింహం అనుకుని చీల్చేస్తుంది, తల పట్టుకుని ఊళ్ళోకి వస్తుంది. యూరిపిడిస్ మాసిడోనియాలో కన్నుమూశాక, క్రీ.పూ. 405 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఇది ఆడింది. మొదటి బహుమతి కూడా గెలిచింది.

దర్శకుడు నాకంటే బాగా చిన్నవాడు. మొదటిరోజే తన ఊహంతా చెప్పేశాడు: “అక్కా, కోరస్ అంతా పూనకంలో ఉండాలి. జాతరలో శివసత్తులు ఊగుతారు చూడండి, అలా. జుట్లు విరబోసుకుని, డప్పుల మోతలో, ఎవరికి తోచినట్టు వాళ్ళు.”

ఆ ఊహ రంగం మీద పండుతుంది, సందేహం లేదు. మన ప్రేక్షకుడికి అర్థం చెప్పాల్సిన పని కూడా ఉండదు. అయినా నేను ఒప్పుకోలేదు. నాటకంలో మతి తప్పినవాళ్ళు థీబ్స్ స్త్రీలు, వాళ్ళు కొండ మీద ఉన్నారు. చివర్లో అగేవ్ ఒక్కతీ వచ్చేదాకా వాళ్ళు మన కంటికి కనబడరు. రంగం మీద ఉండే కోరస్ వేరు. వీళ్ళు లిడియా దేశం నుంచి, ట్మోలస్ కొండ నుంచి దేవుడి వెంట ఇష్టపడి వచ్చిన భక్తురాళ్ళు. వీళ్ళు ఎవరినీ చీల్చరు. నాటకం పొడుగునా ఎంతో పకడ్బందీ ఛందస్సులో పాడతారు.

అంతకంటే బలమైన ఆధారం పశువుల కాపరి మాటల్లో దొరికింది. కొండ మీద ఆడవాళ్ళను చూసి వచ్చి అతను రాజుకు చెబుతాడు: మూడు బృందాలుగా పడుకుని ఉన్నారు, మీరన్నట్టు తాగి పొర్లడం లేదు, ఒద్దికగా నిద్రపోతున్నారు, లేచి నిలబడితే పడుచులూ ముసలివాళ్ళూ పెళ్ళికాని పిల్లలూ ఎంత క్రమంగా ఉన్నారో, అదొక వింత. నెత్తురు పారేది ఆ తర్వాత, కాపరులు అగేవ్‌ను పట్టుకోబోయినప్పుడు. పిచ్చి ఎక్కించిన దేవుడి బృందంలోనే కాపరి కంటికి మొదట ఆనింది క్రమం. ఈ పేరా చదివి వినిపించాక దర్శకుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘సరే చూద్దాం’ అన్నాడు. అప్పటికి అంతవరకే.

ఎవరు ఆడేవాళ్ళు, ఎవరు చూసేవాళ్ళు

ఏథెన్స్‌లో ఈ భక్తురాళ్ళ వేషం వేసింది మగవాళ్ళు. వృత్తి నర్తకులు కూడా కారు, ఊరి పౌరులే. కోరస్‌కు ఎంపికైనవాడికి సైనిక సేవ నుంచి మినహాయింపు ఉండేది. ఖర్చంతా ఒక ధనవంతుడి నెత్తిన వేసేవారు. కోరస్ దుస్తులు, శిక్షణ, తిండి అతనివే. డయోనిసస్ పండుగలో విషాద నాటకాలకు తోడు పది తెగలూ పోటీపడి బృందగానాలు చేసేవి. ఒక్కో తెగ నుంచి 50 మంది పెద్దలు, 50 మంది పిల్లలు. అంటే ఆ ఒక్క పోటీలోనే 1000 మంది వలయాలు కట్టి ఆడేవారు. చూసేవాళ్ళలో ఎంతోమంది ఏదో ఒక ఏడు తామూ ఆ వలయంలో నిలబడ్డవాళ్ళే. అడుగు తప్పితే పట్టేసే ప్రేక్షకులు వాళ్ళు.

గెలిస్తే ఎంత పరువో చెప్పే సాక్ష్యం ఏథెన్స్ వీధిలో ఇప్పటికీ ఉంది. లైసిక్రటీస్ అనే పోషకుడు క్రీ.పూ. 335-334లో తన తెగ పిల్లల బృందం గెలిచినందుకు కట్టించిన గుండ్రటి పాలరాతి కట్టడం అది. శాసనంలో తన పేరుతో పాటు ఆలోస్ అనే ఊదే వాద్యం వాయించినవాడి పేరు, కోరస్‌కు నేర్పిన గురువు పేరు చెక్కించాడు. నట్టువాంగం చేసినవాళ్ళ (తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించినవాళ్ళ) పేరు కరపత్రంలో వేయించుకోవడానికే మనం ఎంత పోరాడతామో తలుచుకుంటే నాకు కొంచెం ఈర్ష్య కలిగింది.

దీనికి రెండో మొహం కూడా ఉంది. ఆంటిఫాన్ అనే న్యాయవాది రాసిన ప్రసంగాల్లో ఒకటి, కోరస్ శిక్షణలో ఉన్న డయోడోటస్ అనే పిల్లవాడి చావు గురించి. గొంతు బాగుపడుతుందని ఏదో కషాయం తాగించారు, పిల్లవాడు పోయాడు, పోషకుడి మీద కేసు పడింది. పోటీల టెన్షన్‌లో పిల్లల ఒంటి మీద పెద్దలు చేసే ప్రయోగాలు కొత్తవి కావు.

ప్లేటో మరీ ముందుకు వెళ్ళి, ‘చట్టాలు’ గ్రంథంలో కోరస్‌లో ఆడటం పాడటం రానివాడు చదువు లేనివాడే అనేశాడు. మిగతా జంతువులకు కదలికలో క్రమం తెలియదు, మనిషికి ఆ తెలివిడిని దేవతలే ఇచ్చారు, వాళ్ళలో డయోనిసస్ కూడా ఉన్నాడు అంటాడు. ఆ పుస్తకంలోనే తర్వాత నాట్యాలను వర్గీకరిస్తూ, తాగిన శాటిర్ల (సగం మనిషి, సగం జంతువు రూపాల) వేషాలు కట్టి ఆడే బాకస్ నాట్యాల దగ్గర ఆగిపోతాడు. అవి యుద్ధానికీ చెందవు, శాంతికీ చెందవు, పౌరుల పనికి సంబంధించినవి కావు, పక్కన పెడదాం అంటాడు. మాకు ఇది అడ్డుపుల్లలా కాక దారి చూపినట్టే అనిపించింది. డయోనిసస్ పేరు చెప్పుకుని ఏథెన్స్ కొండపక్కన కూర్చున్న జనానికి ఉన్మాదం చూపించాలి. చూపించే చేతులు మాత్రం శిక్షణలో ఆరితేరిన పౌరులవి. ఉన్మాదాన్ని క్రమంలో పెట్టి చూపించడమే వాళ్ళకు అందమైంది. మా పని మొత్తానికి పట్టుకున్న సూత్రం ఇదే.

వరసలు, మధ్యలో ఖాళీ

15 మంది దొరికారు. ముగ్గురు నాట్యం నేర్చినవాళ్ళు, మిగతావాళ్ళు నటులు. ఎత్తుల్లో చాలా తేడా. దర్శకుడు ఒకే ఎత్తువాళ్ళను వెతుకుదామన్నాడు. గ్రీకు నర్తకుడి ఒడ్డూపొడుగూ గురించి లూషియన్ రాసిన మాటలు అతను ఎక్కడో చదివాడు. మరీ పొడవూ పొట్టీ కాకూడదు, లావూ బక్కా కాకూడదు, పోలిక్లీటస్ శిల్పంలా కొలత కుదరాలి అంటాడు లూషియన్. ఆంటియోక్ ప్రేక్షకుల వెటకారాలు కూడా చెబుతాడు: పొట్టివాడు హెక్టర్ వేషంలో వస్తే ‘కొడుకొచ్చాడు, తండ్రేడీ?’ అని అరిచారట. పొడుగువాడు కోటగోడ ఎక్కే వీరుడిగా వస్తే ‘నీకు నిచ్చెన దేనికి, దాటెయ్’ అన్నారట. బక్కవాడిని చూసి ‘త్వరగా కోలుకో నాయనా’ అన్నారట. కాకినాడ, తెనాలి జనం గుర్తొస్తారు. అయితే లూషియన్ క్రీ.శ. 2వ శతాబ్దం మనిషి, యూరిపిడిస్ తర్వాత 500 ఏళ్ళకు పైబడి వచ్చినవాడు. అతను మాట్లాడేది ఒంటరిగా ముఖానికి మాస్క్ పెట్టి కథంతా అభినయించే నర్తకుడి గురించి. కోరస్‌కు ఆ కొలత పెట్టడం సరికాదు.

కోరస్ కొలత జెనోఫన్ దగ్గర దొరికింది, అదీ సంసారం నడపడం గురించి రాసిన పుస్తకంలో. ఇస్కోమకస్ అనే గృహస్థు కొత్త పెళ్ళాంకి ఇల్లు సర్దుకోవడం నేర్పుతూ, కోరస్‌లో ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తే గందరగోళం, చూడబుద్ధి కాదు. అదే మనుషులు క్రమంగా ఆడితే చూడాలనీ వినాలనీ అనిపిస్తుంది అంటాడు. కాస్త ఆగి గిన్నెల దగ్గరికి వస్తాడు. వరసలో సర్దిన కుండలకు కూడా ఒక లయ ఉంటుంది, వలయం కట్టిన కోరస్ తానూ అందంగా ఉంటుంది, మధ్యలో వదిలిన ఖాళీ కూడా అందంగా, శుభ్రంగా కనిపిస్తుంది అని. వంటింటి గిన్నెలకు ఉపమానంగా అంత మాట అన్నాడంటే, అది ఊళ్ళో అందరికీ తెలిసిన అందమే అయ్యుండాలి.

ఈ ఖాళీ మీదే చాలా పని చేశాం. నటులకు సహజంగా దగ్గర దగ్గరగా జరిగే అలవాటు, గుంపులో ధైర్యం. నేను మట్టి మీద సున్నంతో గళ్ళు గీసి, ఇద్దరి మధ్య చాచిన రెండు చేతుల దూరం చెదరకుండా నడిపించాను. కాళ్ళ మీద కాకుండా పక్కవాళ్ళతో ఉన్న దూరం మీద ధ్యాస పెట్టమన్నాను. దూరం నిలిచాక ఎత్తుల తేడా కంటికి ఆనడం మానేసింది.

ప్రవేశానికి పాత నిఘంటుకారుడు పోలక్స్ చెప్పిన అమరికనే తీసుకున్నాం: అయిదుగురు చొప్పున మూడు వరసలు. పక్కదారిలో నుంచి వచ్చేటప్పుడు ప్రేక్షకులు ఎడమవైపు ఉంటారు కాబట్టి బాగా ఆడేవాళ్ళు ఎడమ వరసలో ఉండేవారు, నాయకుడి చోటు ఆ వరస మధ్యలో. బలహీనులను నడిమి వరసలో దాచేవారు. ఈ చిట్కా చదివి నవ్వుకున్నాను. వార్షికోత్సవాల్లో మనం చేసేదీ అదేగా. నాట్యం నేర్చిన ముగ్గురినీ ఎడమ వరసలో పెట్టాను. కాపరి చెప్పిన మూడు బృందాలకూ ఈ మూడు వరసలకూ లంకె పెట్టడం మాత్రం నా సొంత నిర్ణయం. కాపరి మాట్లాడుతున్నప్పుడు వరసలు మెల్లగా మూడు గుంపులుగా విడి కూర్చుంటాయి. కొండ మీది దృశ్యం రంగం మీదికి రాకుండానే లీలగా కనబడుతుంది.

ఛందస్సు దగ్గర మనకు దొరికిన వీలు

గ్రీకు పద్యం నడిచేది మన పద్యంలాగే గురులఘువుల మీద. ఇంగ్లీషు అనువాదాల్లో పోయే ఈ గుణం తెలుగులో పోనక్కర్లేదు. ప్రవేశగీతంలో ఎక్కువగా వినబడే గణం రెండు లఘువులు, రెండు గురువులు. తూర్పుదేశపు వాసన ఉన్న లయగా దానికి పేరు. అనువాదం చేసిన కవిగారిని అడిగితే పల్లవిలాంటి చరణాలను ఆ నడకలోనే రాసిచ్చారు:

గిరి దాటీ, నది దాటీ,
పరుగెత్తీ ఇటు చేరీ…

ఆరు మాత్రలు. తక తకధిమి అనుకుంటే సరిగ్గా రూపక తాళంలో కూర్చుంటుంది. మా నాట్యం పిల్లల కాళ్ళు వెంటనే అందుకున్నాయి. అయితే అందుకుంటూనే అరమండిలోకి (మోకాళ్ళు పక్కలకు వంచిన సగం కూర్చున్న భంగిమలోకి) దిగి నేలను తట్టాయి. 15 జతల పాదాలు ఆరు మాత్రలూ తడితే పాట మాటలు ఒక్కటీ వినబడవు. కుండల మీది బొమ్మల్లో నాట్యం చేసేవాళ్ళ మడమలు ఎక్కువగా పైకి లేచి ఉంటాయి, మోకాలు ఎత్తి ఉంటుంది. హోమర్ కావ్యంలో ఫియేషియా కుర్రాళ్ళ నాట్యం చూసి ఒడీసియస్ అబ్బురపడేది పాదాల మెరుపుకు. అక్కడ పాదం కంటికోసం ఉంది. కాబట్టి గజ్జెలు లేవు, తట్టు లేదు. రెండు లఘువులకు మునివేళ్ళ మీద రెండు చిన్న అడుగులు, మొదటి గురువుకు పాదం పూర్తిగా ఆనించడం, రెండో గురువుకు ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడటం. ఆ నాలుగో అక్షరం దగ్గర నిలుపు రావడమే అన్నిటికంటే కష్టమైంది. నాట్యం నేర్చిన ఒంటికి ఊరికే ఉండటం చేతకాదు.

వాద్యం విషయం తేలిగ్గా తేలిపోయింది. ఆలోస్‌ను చాలామంది వేణువు అని రాస్తారు గానీ అది పీక పెట్టి ఊదే జంట గొట్టాల వాద్యం, సన్నాయికి దగ్గర. సన్నాయి పెట్టుకున్నాం. చర్మం బిగించిన గుండ్రటి వాద్యాన్ని గురించి కోరస్సే పాడుతుంది కాబట్టి, అరచేత్తో వాయించే పలక లాంటిది ఒకటి చేయించాం. డప్పు కర్రలు వద్దన్నాను.

నిలిచిన భంగిమ

ప్లూటార్క్ విందు సంభాషణల్లో ఒకచోట నాట్యాన్ని మూడుగా విడగొడతారు: కదలిక, భంగిమ, చూపించడం. కదలిక వెళ్ళి భంగిమలో ఆగుతుంది. అపోలో లాగానో పాన్ లాగానో ఒక బాకస్ భక్తురాలి లాగానో ఒంటిని మలిచి, బొమ్మ గీసినట్టు ఆ రూపంలో నిలవడం భంగిమ. భూమినీ ఆకాశాన్నీ ఎదుటివాళ్ళనూ వేలెత్తి చూపడం మూడోది. అరిస్టాటిల్ కూడా కావ్యశాస్త్రం మొదట్లోనే, నర్తకులు లయకు రూపం కట్టి స్వభావాలనూ భావాలనూ పనులనూ అనుకరిస్తారన్నాడు. కదలిక ఎంత వేగంగా ఉన్నా, అది చివరకు చదవగలిగే ఒక ఆకారంలో ఆగకపోతే వీళ్ళకు అది నాట్యం లెక్కలోకి రాదని నాకు అర్థమైంది.

దీనికి నేను కళ్ళముందు పెట్టుకున్న బొమ్మ బాసెల్ మ్యూజియంలోని ఒక కుండ మీదిది, క్రీ.పూ. 5వ శతాబ్దం తొలినాళ్ళది. ఆరుగురు యువకులు, రెండేసి చొప్పున మూడు జతలు. ఆరుగురి చేతులూ ఒకే తీరున ముందుకు చాచి ఎత్తి ఉన్నాయి, కాళ్ళూ ఒకే అడుగులో ఉన్నాయి. చిత్రకారుడు ఒకరి వెనక ఒకరి గీతలను అంచులు కలిపి గీశాడు. ఫోన్‌లో ఆ ఫొటో అందరికీ పంపి, ‘ఎవరి మొహంలో ఏ భావం ఉంది?’ అని అడిగాను. వెతికి వెతికి ఎవరికీ ఏమీ దొరకలేదు. భావమంతా ఆరు జతల చేతుల్లో ఉంది.

మాస్కులకు ఒళ్ళు అలవాటు పడింది ఆ తర్వాతే. మా ముగ్గురు నాట్యం పిల్లలకు మొహం మూసేస్తే సగం ప్రాణం పోయినట్టయింది. కనుబొమ, కంటికొస, బుగ్గ, అన్నీ పోయాయి. మాస్క్‌లో చూపు ఉండదు, తల తిరిగిన దిక్కే చూపు. తల ఒక అంగుళం వాలితే దుఃఖం, ఎత్తితే సవాలు. మెడను మాత్రలకు కట్టాం. అటమీ (మెడను పక్కలకు జరిపే కదలిక) వద్దు, సొగసు ఊపులు వద్దు. గురువు మీద తిరగాలి, అక్కడే ఆగాలి.

నాటకం మొత్తంలో అడుగూ చెయ్యీ సూటిగా నేర్పే చోటు ఒకటుంది. పెంథియస్ ఆడవేషం కట్టుకుని బయటికి వస్తాడు. భక్తురాళ్ళు పట్టే థిర్సస్ కర్ర ఏ చేత్తో పట్టుకుంటే అచ్చం భక్తురాలిలా ఉంటానని దేవుణ్ణే అడుగుతాడు. కుడిచేత్తో పట్టుకో, కుడికాలితో పాటు ఎత్తు అంటాడు డయోనిసస్. మామూలు నడకలో కుడికాలితో ఎడమచేయి ఊగుతుంది. ఒకే వైపు చెయ్యీ కాలూ కలిసి లేస్తే ఒళ్ళు పలచబడి, పక్కనుంచి చూసే బొమ్మలా అవుతుంది. కుండ మీది ఆకారం అదే. మన అడవుల్లో కుడికాలు చాపితే కుడిచేయి చాపడం అలవాటే కనుక నాట్యం పిల్లలకు ఇది మంచినీళ్ళ ప్రాయం. నటులకే చుక్కలు కనబడ్డాయి.

ఆ దృశ్యంలో పెంథియస్ వేషధారి తడబడాలి కదా. దేవుడు అతని నడికట్టు వదులైందనీ, కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా వేలాడుతున్నాయనీ సరిచేస్తాడు. పెంథియస్ వెనక్కి తిరిగి చూసుకుని, కుడికాలి దగ్గర నిజమే, ఇటువైపు మడమ దగ్గర సరిగానే ఉందే అంటాడు. చీర కట్టడం తెలిసిన ఏ ప్రేక్షకురాలికైనా నవ్వు ఆగదు. దీని కోసం కోరస్‌ను వెనక అర్ధవలయంలో, కుడిచెయ్యి, కుడికాలు ఎత్తిన భంగిమలో కదలకుండా నిలబెట్టాను. 15 సరైన బొమ్మల ముందు ఒక్క తప్పు బొమ్మ. చావబోయేవాడికి నాట్యపాఠం చెబుతున్న దేవుడు. నవ్వుతున్న జనం ఒక్కొక్కరే నవ్వడం ఆపేశారు. దర్శకుడు పూనకం మాట మళ్ళీ ఎత్తనిది ఈ దృశ్యం చూశాకే.

థిర్సస్‌కు మొదట వెదురు అనుకున్నారు. అసలైనది పెద్ద సోంపుజాతి మొక్క కాడ, లోపల బెండు, చాలా తేలిక. బరువైన కర్ర పట్టుకుంటే మణికట్టు ఆయుధం పట్టినట్టు బిగుస్తుంది. ఎండిన జొన్నదంటుకు ఆకులు చుట్టి వాడాం. విరిగితే ఇంకోటి.

శత్రువు నడినెత్తిన చెయ్యి

పెంథియస్ ఆడవేషానికి ఒప్పుకుని లోపలికి వెళ్ళగానే కోరస్ పాడే పాట ఈ నాటకానికి గుండెకాయ. రాత్రంతా సాగే ఆటల్లో తెల్లని పాదం మోపుతానా, మంచు కురిసే గాలిలోకి మెడ వెనక్కి విసురుతానా, వలలు దాటి పచ్చిక బయలుకు చేరిన లేడిపిల్లలా, అని మొదలవుతుంది. కుండల మీద బాకస్ భక్తురాళ్ళ గుర్తే ఆ వెనక్కి విసిరిన తల. పూనకానికి అతి దగ్గరి చోటు ఇదే. తల విసురును 15 మందికీ ఒకే మాత్ర మీద, ఒకే కోణంలో పెట్టాను. గొంతులు ఒక్కసారిగా దీపాల వెలుగులోకి వచ్చాయి.

ఆ వెంటనే వచ్చే చరణం రెండుసార్లు పాడతారు. జ్ఞానమంటే ఏమిటి? శత్రువు నడినెత్తిన పైచేయిగా చెయ్యి పెట్టి నిలవడం కంటే దేవతలిచ్చే అందమైన వరం ఇంకేముంది? అందమైనది ఎప్పటికీ ప్రియమైనదే. చెయ్యి ఎక్కడ పెట్టాలో పాటే చెబుతోంది. 15 అరచేతులు నేలవైపు తిరిగి, కనబడని ఒక తల ఎత్తులో ఆగుతాయి. ‘అందమైనది’ అన్న మాట మీద కూడా ఆ చెయ్యి దిగదు. ఒక అమ్మాయి అడిగింది: “అక్కా, ఇంత మంచి మాట దగ్గర చెయ్యి తీసేసి నమస్కారంలా పెట్టొచ్చుగా?” పెట్టొద్దన్నాను. అందం గురించిన ఆ మాటను యూరిపిడిస్ ప్రతీకారం పక్కనే కూర్చోబెట్టాడు. మనం చెయ్యి దించితే ఆయన రాసింది మెత్తబడిపోతుంది. చరణం రెండోసారి వచ్చినప్పుడు ఆ అరచేతులు అదే ఎత్తులో, అదే మాత్ర మీద ఆగాయి. తేడా ఒక్కటే, ఈసారి తలలన్నీ పెంథియస్ వెళ్ళిన గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.

పాటలో జంట చరణాల ఛందస్సు అక్షరాక్షరం ఒకటే కాబట్టి వాటికి ఒకే అడుగులు, అద్దంలోలా దిక్కు మార్చి కూర్చాను. అదే భంగిమ మీద వేరే మాటలు పడితే దాని అర్థం మారిపోతుందని ప్రాక్టీసులో ప్రతిరోజూ కొత్తగా తెలిసేది.

విడిగా ఆడాలనుకునేవాళ్ళు

ఒక అబ్బాయికి పిల్లిమొగ్గలు బాగా వచ్చు. ఎక్కడో ఒకచోట వాడుకుందామని పట్టుబట్టాడు. హోమర్ వర్ణించిన అకిలీస్ డాలు మీద కూడా నాట్యం మధ్యలో ఇద్దరు గెంతులవాళ్ళు ఉన్నారు కాబట్టి నేరుగా కాదనలేకపోయాను. అతనికి హెరోడోటస్ రాసిన హిప్పోక్లీడీస్ కథ చెప్పాను. సిసియన్ రాజు క్లైస్థనీస్ కూతురి పెళ్ళికి ఏడాదిపాటు వరులను పరీక్షించి, చివరకు అతనికే ఇద్దామనుకున్నాడు. ఆ విందులో హిప్పోక్లీడీస్ బల్ల తెప్పించుకుని స్పార్టా పద్ధతిలో ఆడాడు, ఏథెన్స్ పద్ధతిలో ఆడాడు, ఆ పైన తలకిందులుగా నిలబడి కాళ్ళతో ముద్రలు పట్టాడు. అంతదాకా ఓర్చుకున్న రాజు, ‘నాయనా, నీ పెళ్ళిని నాట్యం చేసి పోగొట్టుకున్నావు’ అన్నాడు. ‘హిప్పోక్లీడీస్‌కు లెక్కేలేదు’ అని జవాబు. చేతులు చేయాల్సిన పని కాళ్ళు చేశాయి, అదీ తప్పు. కథ విని అబ్బాయి పడీపడీ నవ్వాడు, హిప్పోక్లీడీసే నచ్చాడన్నాడు. పిల్లిమొగ్గ మాత్రం పెట్టలేదు.

ముసలివాళ్ళ దృశ్యం గురించి కూడా చెప్పాలి. తాత కాడ్మస్, గుడ్డి జ్యోతిష్కుడు టిరేసియస్ తలకు ఆకులు చుట్టుకుని కొండ మీదికి ఆడటానికి బయల్దేరతారు. ఎక్కడ అడుగేయాలి, నెరిసిన తల ఎక్కడ ఊపాలి అంటాడు తాత. దేవుడు పడుచువాళ్ళే ఆడాలని గీత గీయలేదు అంటాడు గుడ్డాయన. దీన్ని ఉత్త కామెడీగా తీసేయడం సులువు. జెనోఫన్ విందులో సోక్రటీస్ ఒక కుర్రాడి నాట్యం చూసి, ఊరికే ఉన్నప్పటికంటే ఆడుతుంటే ఇంకా అందంగా ఉన్నాడు, మెడ, కాళ్ళు, చేతులు ఒక్కటీ ఖాళీగా లేవు, నాకూ నేర్పించండి అంటాడు. అందరూ నవ్వుతారు. ఆయన నవ్వడు. పరుగెత్తేవాడికి కాళ్ళు బలిసి భుజాలు చిక్కుతాయి, ముష్టియుద్ధం చేసేవాడికి తిరగబడుతుంది, నాట్యంలో ఒళ్ళంతా సమానంగా పెరుగుతుంది అని లెక్క చెబుతాడు. మా కాడ్మస్ వేషధారి 70 దాటిన రంగస్థల నటుడు. ఆయనకు కోరస్ అడుగే నేర్పాను, సగం వేగంలో. మోకాలు పూర్తిగా లేవలేదు. లఘువు, లఘువు, గురువు మాత్రం ఒక్కటీ తప్పలేదు. చప్పట్లు ఆయనకే ఎక్కువ పడ్డాయి.

ఫలితం, మిగిలిన ఇబ్బంది

ప్రదర్శన అయ్యాక ఒక పెద్ద నాట్యగురువు వచ్చి, ‘అంతా బాగుందమ్మా, నాట్యమే కనబడలేదు’ అన్నారు. ఆయన వెతికిన చోట అది లేదు, నిజమే. ముఖాభినయం లేదు, జతులు లేవు, ఒక్కరి సత్తా చూపే చోటు లేదు. ఇంకోవైపు, నాట్యంతో సంబంధం లేని ప్రేక్షకులు ఇంటర్వ్యూల్లో గుర్తుచేసుకున్నది ఆ 15 అరచేతులను. మాటలు స్పష్టంగా వినబడ్డాయని దాదాపు అందరూ అన్నారు. తట్టు తీసేసిన ఫలితం అది.

ఇబ్బంది చోటుతో వచ్చింది. మేము ఆడింది మెట్లు మెట్లుగా సీట్లున్న ఆరుబయలు వేదిక మీద, కింద మట్టి వలయం. పైనుంచి చూస్తేనే వరసల మధ్య దూరం, వలయం లోపలి ఖాళీ కనబడతాయి. కొండవాలు మీద కూర్చునే ఏథెన్స్ ప్రేక్షకుడికి అది ప్రతి నాటకంలో కనబడేదే. తర్వాత ఒక మామూలు హాలు వాళ్ళు పిలిచారు. ఎత్తైన స్టేజీ, కింద చదును నేల. వెళ్ళి ముందు వరస సీట్లో కూర్చుని చూస్తే ముందున్న అయిదుగురు తప్ప ఎవరూ కనబడరు. మూడు వరసలు ఒకే గుంపైపోతాయి. గళ్ళు విప్పి ఏటవాలుగా పేర్చి చూశాం. ప్రవేశగీతం, చేతుల పాట నిలబడ్డాయి. కాపరి దృశ్యం, కుచ్చిళ్ళ దృశ్యం నిలబడలేదు. ఆ రెండు పాటలే విడిగా ఇస్తామని హాలు వాళ్ళకు చెప్పాం. నాటకం మొత్తానికి మెట్ల వేదిక ఉన్న ఇంకో చోటు వెతుకుతున్నారు.